నోరులేని అంగడి

అంగడికి అందం సరుకైతే, ప్రాణం మాట. బియ్యం పాతవా, కొత్తవా, కందిపప్పు ఉడుకుతుందా, నూనె ఎప్పటిది అని అడగడం కొనేవారి హక్కు. ఏదో ఒక సమాధానం చెప్పడం అమ్మేవాని విధి. ఆ సమాధానం ఎల్లప్పుడూ సత్యమేనని ఎవరూ అనరు. తూకంలో చేతివాటం, ఖాతాపుస్తకంలో దొంగలెక్క పచారీ కొట్లకు కొత్తవి కావు. అయినా అబద్ధమాడినవాడు మరునాడు మళ్ళీ కంటబడతాడు, నిలదీయవచ్చు. బేరం కుదిరిన తరువాత కొసరు అడిగే చనువు కూడా ఎదుట మనిషి ఉన్నందువల్ల కలిగినదే.

ఈ మాటతో పని లేకుండా చేసిన పద్ధతికి పుట్టినిల్లు అమెరికా. అక్కడ కూడా పూర్వం కొనేవారు బల్ల ముందు నిలబడి చీటీ ఇస్తే గుమాస్తా సరుకు తెచ్చి ఇచ్చేవాడు. 1916లో మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ అనే వర్తకుడు పిగ్లీ విగ్లీ అనే దుకాణం తెరచి, చేతికి బుట్ట ఇచ్చి, ఎవరి సరుకు వారే ఏరుకొనే ఏర్పాటు చేశాడు. 1937లో ఓక్లహోమా నగరంలో సిల్వన్ గోల్డ్‌మన్ ఆ బుట్టకు చక్రాలు తగిలించాడు. 1974లో ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్ళో బార్‌కోడ్‌తో తొలి అమ్మకం జరిగింది. అంతటితో ధర చెప్పే పని కూడా యంత్రానిదయింది.

నేడు తెలుగునాట పట్టణాలలో ఇట్టి అంగళ్ళు విరివిగా వెలిశాయి. వీటి మేలు కాదనరానిది. బీదకూ ధనికునకూ ధర ఒక్కటే. వస్తువును చేతబట్టి చూచి, కొనకుండా వచ్చినా నొచ్చుకొనేవారు లేరు. అయితే చిక్కులు కూడా తక్కువ కావు. నిత్యం కావలసిన పాలూ పెరుగూ తరచు లోపలి మూలన ఉంటాయి. అక్కడికి చేరేలోగా అక్కరలేని సరుకు ఎంతో కంటబడుతుంది. గత నెల ఉప్పు ఉన్నచోట ఈ నెల సబ్బులు దర్శనమిస్తాయి. అరమీద ధర ఒకటి, రశీదులో ధర మరొకటి. నాలుగు వస్తువులకు అరగంట నిలుపు. చివరకు సంచికి వేరే సొమ్ము; రశీదు కావాలంటే ఫోన్ నంబరు.

ముందుగా తెలుపకుండా సొమ్ము కట్టేచోట సంచికి ధర వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లో తీర్పు చెప్పింది. ఫోన్ నంబరు కోసం పట్టుబట్టరాదని కేంద్ర వినియోగదారుల శాఖ 2023లో వర్తకులకు సూచించింది. ఈ సంగతులు ఎరిగి ప్రశ్నించేవారు అరుదు.

ఇవన్నీ విసుగులే గాని, అసలు లోటు వేరొకటి ఉన్నది. అమ్మేవాని మాట పోయినచోట పొట్లం మీది అక్షరం నిలిచింది. బరువెంత, ఎప్పుడు తయారయింది, గరిష్ఠ ధర ఎంత అన్నవి ఆ అక్షరమే చెప్పాలి. 2011 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఈ వివరాలు దేవనాగరి లిపిలో హిందీలో గాని, ఇంగ్లీషులో గాని ఉండాలి. ఇతర భాషలలో అదనంగా ముద్రించవచ్చు. ముద్రించి తీరాలన్న నియమం లేదు. కాబట్టి తెలుగు చక్కగా చదవగలిగిన ఇల్లాలు కూడా తన ఊరి అంగడిలో చదువురానిదానివలె నిలబడవలసి వస్తున్నది. పోనీ అడుగుదామంటే, అక్కడి కుర్రవాడు అరలు సర్దడానికి నియుక్తుడు. సరుకు మంచిచెడ్డలు అతనికీ తెలియవు.

పొట్లంపై తెలుగు కోసం పట్టుబట్టవలసిందే. అంతవరకూ ఆ తల్లికి నోరు కాగలిగినది బడికి వెళ్ళే బిడ్డ. ఉపాధ్యాయులు రెండు ఖాళీ పొట్లాలను తరగతికి తెచ్చి చూపితే చాలు. నాలుగు వందల గ్రాములది 60 రూపాయలు, ఏడువందల యాభై గ్రాములది 120 రూపాయలు అనుకొందాం. పెద్దది చౌక అని పిల్లలందరూ అంటారు. లెక్క కట్టిస్తే చిన్నది కిలో 150, పెద్దది 160 అని తేలుతుంది. గ్రాముకు గాని, కిలోకు గాని పడే ధరను పొట్లంపై ముద్రించాలని 2021లో నిబంధనలను సవరించారు. దానిని వెదకి చదవడం నేర్పాలి. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చుననీ చెప్పాలి.

పాఠంలోని భాగహారం ఆ సాయంత్రమే అమ్మ చేతి సంచిలో అక్కరకు వస్తుంది. అంగడి పలకకపోయినా, అడగడం ఎరిగిన బిడ్డ ఆమె పక్కన ఉంటాడు.