మైక్రోగ్రాముల్లో ప్రొటీన్‌... చేతినిండా పని!

ప్రయోగశాలలో కణాలు పెరగాలంటే గ్రోత్‌ ఫ్యాక్టర్లు కావాలి. వాటిని తయారు చేయడానికి, పరీక్షించడానికి, పాడవకుండా వాడటానికి పని తెలిసిన మనుషులు కావాలి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల్లో లైఫ్‌ సైన్సెస్‌ చదువుతున్నవారు ఆ పనికి ఎలా సిద్ధం కావాలో చూద్దాం.

మీరు జమ్మలమడుగులో బీఎస్సీ చదువుతున్నారనుకుందాం. బయోటెక్నాలజీయో మైక్రోబయాలజీయో తీసుకున్నారు. ఇంటికొచ్చిన చుట్టం ‘ఏం చదువుతాండావ్‌ నాయనా?’ అంటారు. చెబుతారు. వెంటనే రెండో ప్రశ్న: ‘అది చదివితే ఏం పని దొరుకుతాది?’ సరిగ్గా ఇక్కడే చాలామంది నీళ్లు నములుతారు. కొందరు అదే ఏడాది పుస్తకాలు పక్కన పెట్టేసి ఏదో ఒక కంప్యూటర్‌ కోర్సు వెతుక్కుంటారు.

ఆ ప్రశ్నకు బయోటెక్నాలజీలోని ఒక చిన్న మూల నుంచి సూటిగా సమాధానం వెతుకుదాం. ఆ మూల పేరు రీకాంబినెంట్‌ హ్యూమన్‌ గ్రోత్‌ ఫ్యాక్టర్లు.

పదును ఉంటేనే మొలక

మెట్ట సేద్యం చేసే ఇంట్లో పుట్టినవారికి ఈ సంగతి కొత్త కాదు. నేల మంచిదే, ఎరువు వేశారు, విత్తనం నాణ్యమైనదే. కానీ వాన పడి పదును రాకపోతే విత్తనం మొలకెత్తదు. కణాల కల్చర్‌ కూడా అలాంటిదే. ప్లాస్టిక్‌ ఫ్లాస్కులో మనిషి కణాలను ఉంచి గ్లూకోజ్‌, అమైనో ఆమ్లాలు, విటమిన్లు, లవణాలు ఉన్న మీడియం పోస్తాం. ఇంక్యుబేటర్‌ను 37 డిగ్రీల వద్ద పెడతాం. ఇంత చేసినా చాలా రకాల కణాలు విభజన చెందవు. ‘ఇక పెరగొచ్చు’ అనే సంకేతం వాటికి బయటి నుంచి అందాలి. ఆ సంకేతాన్ని మోసుకొచ్చే ప్రొటీన్లే గ్రోత్‌ ఫ్యాక్టర్లు. అవి కణం పైపొరలోని రిసెప్టర్‌కు అతుక్కుంటాయి. దాంతో కణం లోపల వరుసగా మార్పులు జరిగి విభజన మొదలవుతుంది.

వీటిలో బాగా తెలిసినది ఎపిడెర్మల్‌ గ్రోత్‌ ఫ్యాక్టర్‌, పొట్టిగా ఈజీఎఫ్‌. ఇది 53 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్‌. దీన్ని కనుక్కున్న స్టాన్లీ కోహెన్‌కూ, నెర్వ్‌ గ్రోత్‌ ఫ్యాక్టర్‌ను కనుక్కున్న రీటా లెవీ-మోంటాల్చినీకీ కలిపి 1986లో నోబెల్‌ బహుమతి వచ్చింది. కల్చర్‌లో ఈజీఎఫ్‌ను సాధారణంగా మిల్లీలీటరుకు 10 నుంచి 20 నానోగ్రాముల చొప్పున వాడతారు. అంటే అర లీటరు మీడియానికి 10 మైక్రోగ్రాములు సరిపోతుంది. కంటికి కనిపించనంత తక్కువ. కానీ అది లేకపోయినా, ఉన్నది చెడిపోయినా వారాల ప్రయోగం వృథా!

చాలాకాలం ఈ సంకేతాల కోసం ఆవుదూడ పిండం రక్తం నుంచి తీసిన సీరం మీదే ఆధారపడ్డారు. ఇప్పటికీ వాడుతున్నారు. అయితే సీరం ఒక్కో బ్యాచ్‌ ఒక్కో రకంగా ఉంటుంది. అందులో ఏమేమి ఎంతెంత ఉందో కచ్చితంగా చెప్పలేం. జంతువుల నుంచి వైరస్‌ల లాంటివి వచ్చే భయమూ ఉంది. అందుకే ఏ ప్రొటీన్‌ కావాలో దాన్నే విడిగా, శుద్ధంగా తయారుచేసి కలపడం మొదలైంది.

బ్యాక్టీరియాతో మనిషి ప్రొటీన్‌

తయారీలో మొదటి మెట్టు జన్యువు. మనిషి ఈజీఎఫ్‌కు సంబంధించిన డీఎన్‌ఏ భాగాన్ని ప్లాస్మిడ్‌ అనే గుండ్రటి డీఎన్‌ఏలో అతికిస్తారు. దాన్ని ఈ-కొలై బ్యాక్టీరియాలోకో, ఈస్ట్‌లోకో పంపుతారు. అనుకూల పరిస్థితుల్లో ఈ-కొలై సుమారు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. తగినంత పెరిగాక ప్రేరకం కలిపితే మనిషి ప్రొటీన్‌ను తయారుచేయడం మొదలుపెడుతుంది. 1978లో మనిషి ఇన్సులిన్‌ను ఇలాగే బ్యాక్టీరియాతో తయారుచేశారు. 1982లో అది అమెరికాలో మందుగా ఆమోదం పొందింది.

అసలు కష్టం ఆ తర్వాతే. ఈ-కొలైలో ప్రొటీన్‌ తరచూ ముద్దలా పేరుకుపోతుంది. దాన్ని కరిగించి, మళ్లీ సరైన ఆకారంలోకి మడత పడేలా చేయాలి. ఈజీఎఫ్‌లో మూడు డైసల్ఫైడ్‌ బంధాలుంటాయి. అవి తప్పు జోడీలతో కలిస్తే ప్రొటీన్‌ ఉన్నా పనిచేయదు. తర్వాత క్రొమటోగ్రఫీతో శుద్ధి. బ్యాక్టీరియా గోడ నుంచి వచ్చే ఎండోటాక్సిన్‌ను తొలగించడం. చివరగా అసలు పరీక్ష: ఆ ప్రొటీన్‌ను కణాలకు ఇచ్చి, ఏ మోతాదులో ఎంత పెరుగుదల వచ్చిందో కొలవడం. జెల్‌ మీద ఒకే గీత కనిపించి ‘శుద్ధం’ అనిపించుకున్న ప్రొటీన్‌ ఈ పరీక్షలో తప్పిపోవచ్చు. శుద్ధత వేరు, పనితనం వేరు. ఈ తేడా తెలిసిన అభ్యర్థిని ఇంటర్వ్యూ చేసేవారు ఇట్టే గుర్తుపడతారు.

మన హైదరాబాద్‌లో ఏం జరిగింది?

ఇదంతా విదేశాల సంగతి అనుకుంటున్నారా? రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరే హైదరాబాద్‌లోనే ఈ విద్యతో పెద్ద పనులు జరిగాయి.

నెల్లూరు జిల్లాకు చెందిన ఇంజినీరు కె.ఐ.వరప్రసాద్‌రెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్‌ను ప్రారంభించారు. తొలి రోజుల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, సీసీఎంబీలో ప్రయోగాలు చేశారు. 1997లో హెపటైటిస్‌-బి టీకా ‘శాన్‌వాక్‌-బి’ని విడుదల చేశారు. దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్‌ టీకా అదే. దాన్ని ఈస్ట్‌లో తయారుచేశారు. అప్పటిదాకా దిగుమతి టీకా కొనలేని కుటుంబాలకు అది అందుబాటులోకి వచ్చింది.

1996లో మొదలైన భారత్‌ బయోటెక్‌ పేరు వింటే చాలామందికి కొవాగ్జిన్‌ గుర్తొస్తుంది. అదే సంస్థ ‘రీజెన్‌-డి’ పేరుతో రీకాంబినెంట్‌ ఈజీఎఫ్‌ జెల్‌ను కూడా తెచ్చింది. మధుమేహం వల్ల మానని కాలి పుండ్ల మీద దీన్ని వాడతారు. ఫ్లాస్కులో కణాలను పెంచే ప్రొటీనే ఇక్కడ పుండును మాన్పే మందు అయింది.

ఇంకొకటి ఎల్‌.వి.ప్రసాద్‌ నేత్ర వైద్య సంస్థ. తమలపాకులో వేసుకునే సున్నం ప్యాకెట్‌ పిల్లల చేతికి చిక్కి కంట్లో చిమ్మితే ఎంత ప్రమాదమో మన ఊళ్లలో తెలిసిందే. అలాంటి రసాయన గాయాలు కార్నియా అంచున ఉండే మూలకణాలను చంపేస్తాయి. ఈ సంస్థ వైద్యులు, శాస్త్రవేత్తలు 2000 తర్వాత తొలి ఏళ్లలోనే రోగి రెండో కంటి నుంచి కొద్దిపాటి కణజాలం తీసుకుని, మానవ ఉల్బపు పొర మీద దాదాపు రెండు వారాలు పెంచి, దెబ్బతిన్న కంటికి అమర్చారు. ఆ కణాలకు పోసిన మీడియంలో రీకాంబినెంట్‌ హ్యూమన్‌ ఈజీఎఫ్‌ ఉంది, రీకాంబినెంట్‌ హ్యూమన్‌ ఇన్సులిన్‌ కూడా ఉంది. మిల్లీలీటరుకు కొన్ని నానోగ్రాముల ప్రొటీన్‌కు ఎంత విలువ ఉందో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ దొరకదు.

ఏయే పనులుంటాయి?

పైన చెప్పిన ప్రతి మెట్టూ ఒక విభాగమే. జన్యువును అతికించే క్లోనింగ్‌ పనికి పరిశోధన విభాగం. ఫెర్మెంటర్‌లో సూక్ష్మజీవులను పెంచడానికి అప్‌స్ట్రీమ్‌. ప్రొటీన్‌ను వేరు చేసి శుద్ధి చేయడానికి డౌన్‌స్ట్రీమ్‌. ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించడానికి క్వాలిటీ కంట్రోల్‌. రికార్డులు, పద్ధతులు సరిగా ఉన్నాయో లేదో చూడటానికి క్వాలిటీ అస్యూరెన్స్‌. కొన్నవారికి వాడే తీరు వివరించడానికి టెక్నికల్‌ సేల్స్‌. టీకాలు, బయోసిమిలర్లు తయారుచేసే సంస్థల్లోనూ దాదాపు ఇవే విభాగాలుంటాయి. అంటే ఒక్క గ్రోత్‌ ఫ్యాక్టర్‌ గురించి కుదురుగా నేర్చుకుంటే ఆ మొత్తం పరిశ్రమకు పనికొచ్చే పునాది పడుతుంది.

ఒక్క మాట ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. బయోటెక్‌ డిగ్రీ ఉన్న ప్రతి ఒక్కరికీ ఉద్యోగం ఎదురుచూస్తూ ఉండదు. డిగ్రీతో దొరికే తొలి ఉద్యోగాల్లో ఎక్కువ భాగం ఉత్పత్తి, క్వాలిటీ కంట్రోల్‌ విభాగాల్లోనే. పరిశోధన వైపు వెళ్లాలంటే ఎంఎస్సీ, ఆపై పీహెచ్‌డీ దాకా ఓపిక కావాలి. ఈ తేడా ముందే తెలుసుకుంటే తర్వాత నిరాశ ఉండదు.

ఈ లెక్క చేయగలరా?

మీ దగ్గర మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల ఈజీఎఫ్‌ స్టాక్‌ ఉంది. మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల చొప్పున 50 మిల్లీలీటర్ల మీడియం కావాలి. స్టాక్‌ ఎంత తీసుకోవాలి?

కావాల్సింది మొత్తం 1,000 నానోగ్రాములు, అంటే 1 మైక్రోగ్రాము. స్టాక్‌లో ప్రతి మైక్రోలీటరుకు 0.1 మైక్రోగ్రాము ఉంది. కాబట్టి 10 మైక్రోలీటర్లు. ఇంటర్‌ స్థాయి లెక్కే. కానీ అలవాటు లేకపోతే ఒక సున్నా అటూ ఇటూ అవుతుంది. ల్యాబ్‌లో ఆ ఒక్క సున్నాకే ఖరీదైన సీసా ఖాళీ అయిపోతుంది.

లెక్కతో పాటు చేతి అలవాట్లూ ఉన్నాయి. పొడి రూపంలో వచ్చిన సీసాను తెరిచే ముందు ఒకసారి సెంట్రిఫ్యూజ్‌ చేయాలి. లేకపోతే మూతకు అంటుకున్న పొడి పోతుంది. కరిగించాక చిన్న చిన్న భాగాలుగా పంచి గడ్డకట్టించాలి. అదే సీసాను పదేపదే కరిగించి గడ్డకట్టిస్తే ప్రొటీన్‌ పనితనం తగ్గిపోతుంది. తేదీ, బ్యాచ్‌ నంబరు, గాఢత రాయని సీసా ఎవరికీ పనికిరాదు.

చదువు దారులు

డిగ్రీ తర్వాత బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీల్లో ఎంఎస్సీ చేయొచ్చు. కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలో బయోటెక్నాలజీ పీజీ ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికి ఏపీ పీజీసెట్‌ రాయాలి. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం తోడ్పాటుతో నడిచే పీజీ కోర్సులకు జీఏటీ-బీ, ఐఐటీల్లాంటి సంస్థలకు జామ్‌లో బయోటెక్నాలజీ పేపర్‌ రాయాలి. జీఏటీ-బీ ద్వారా సీటు వస్తే స్టైపెండ్‌ కూడా ఉంటుంది. పీజీ తర్వాత పరిశోధన ఫెలోషిప్‌ కోసం సీఎస్‌ఐఆర్‌ నెట్‌, డీబీటీ బెట్‌ పరీక్షలున్నాయి.

పశువైద్యం మీద ఆసక్తి ఉన్నవారికి ప్రొద్దుటూరులోనే పశువైద్య కళాశాల ఉంది. కణాల కల్చర్‌, టీకాలు ఆ చదువుకూ దగ్గరి విషయాలే. బీఫార్మసీ, బీటెక్‌ బయోటెక్నాలజీ చదివినవారూ ఈ రంగంలోకి రావచ్చు.

ఊళ్లో ఉండగానే...

మీ కళాశాలలో కణాల కల్చర్‌ ల్యాబ్‌ లేకపోవచ్చు. అంతమాత్రాన చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిన పని లేదు. సెల్‌ఫోన్‌లోనే యూనిప్రాట్‌ డేటాబేస్‌ తెరిచి పీ01133 అని వెతకండి. మనిషి ఈజీఎఫ్‌ మొదట 1,207 అమైనో ఆమ్లాల పొడవైన ప్రొటీన్‌గా తయారై, అందులోంచి 53 ఎలా విడివడతాయో కనిపిస్తుంది. ఆ వరుసను ఉచితంగా దొరికే ఎక్స్‌పాసీ పరికరంలో వేసి అణుభారం లెక్కించండి. స్వయం, ఎన్‌పీటెల్‌ వేదికల్లో కణాల కల్చర్‌, బయోప్రాసెస్‌ పాఠాలు వినండి. కళాశాలలో ఉన్న పైపెట్‌తోనే రోజూ నీటిని తూకం వేసి చేతి కొలత సరిచూసుకోండి. అగార్‌ ప్లేట్లు కలుషితం కాకుండా పోయడం సాధన చేయండి. శుభ్రంగా పనిచేసే అలవాటు అక్కడే పడుతుంది.

వేసవి కోసం దేశంలోని మూడు సైన్స్‌ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్‌ రీసెర్చ్‌ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయండి. ఎంపికైతే పెద్ద ల్యాబ్‌లో రెండు నెలల దాకా పనిచేసే వీలుంటుంది.

డబ్బు కట్టేముందు అడగండి

‘వారంలో సెల్‌ కల్చర్‌ నిపుణులు కండి’ అనే ప్రకటనలు మీ ఫోన్‌కూ వస్తుంటాయి. పత్తి అమ్మగా వచ్చిన డబ్బులో నుంచి మీ నాన్న ఫీజు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. కణాలను నా చేత్తో నేను ఎన్నిసార్లు సబ్‌కల్చర్‌ చేస్తాను? ఒక బయోసేఫ్టీ క్యాబినెట్‌ దగ్గర ఎంతమంది ఉంటారు? మీ కణాలు ఎక్కడి నుంచి తెచ్చారు, పుణెలోని ఎన్‌సీసీఎస్‌ లాంటి గుర్తింపు ఉన్న చోటి నుంచేనా? జన్యువుల పని చేస్తే మీకు బయోసేఫ్టీ కమిటీ ఉందా? వీటికి తడుముకోకుండా సమాధానం చెప్పేచోట డబ్బు కట్టొచ్చు. ‘సర్టిఫికెట్‌ అయితే ఇస్తాం’ అనేచోట వద్దు.

ఈసారి చుట్టం ‘అది చదివితే ఏం పని దొరుకుతాది?’ అంటే నీళ్లు నమలకండి. ‘మానని పుండును మాన్పే ప్రొటీన్‌, కాలిన కంటికి కొత్త కణాలను పెంచే ప్రొటీన్‌ ఉంటాయి మామా. వాటిని తయారుచేసి, సరిగా పనిచేస్తాయో లేదో చూసే పని నేర్చుకుంటాండా’ అని చెప్పండి. ఆ మాట నిజం కావాలంటే మాత్రం రేపు కళాశాలకు వెళ్లగానే పైపెట్‌ పట్టుకోండి.