భయపెట్టి నవ్వించిన మా ఊరాయన

"మీదే ఊరమ్మా?" అని అడిగితే ఒకప్పుడు "నంద్యాల దగ్గర" అని ఊరుకునేదాన్ని. శిరివెళ్ల పేరు ఎవరికి తెలుస్తుందిలే అని! ఇప్పుడు "నటుడు జయప్రకాశ్ రెడ్డి పుట్టిన ఊరు" అంటాను. వెంటనే అవతలివాళ్ల మొహంలో నవ్వు. ఆ వెనకే చిన్న గొంతుతో ఇంకో ప్రశ్న... "మీ వైపు బాంబులూ అవీ నిజమేనా?"

ఆ నవ్వుకూ, ఈ ప్రశ్నకూ కూడా ఆయనే కారణం కావడం చిత్రం కదూ!

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో ఉంటుంది మా ఊరు. 1946లో ఆయన ఇక్కడే పుట్టారు. నాన్న పోలీసు ఎస్సై. బదిలీల ఉద్యోగం కాబట్టి చదువు నెల్లూరులో, అనంతపురంలో సాగింది. తర్వాత గుంటూరులో లెక్కల మాస్టారయ్యారు. లెక్కలు బడిలో, మనసు నాటకాల్లో. నల్గొండలో ఆయన నాటకం చూసిన దాసరి నారాయణరావు నిర్మాత రామానాయుడికి చెప్పడంతో 1988లో 'బ్రహ్మపుత్రుడు'లో వేషం దొరికింది. అయితే సినిమాలు అన్నం పెట్టలేదు. కొన్నేళ్లు చూసి, మళ్లీ గుంటూరు వెళ్లి సుద్దముక్క పట్టుకున్నారు. ఇలాంటి రాకపోకల బరువు ఎంతో, ఇల్లు నడిపే ఆడవాళ్లను అడగాలి.

1997లో 'ప్రేమించుకుందాం రా' వచ్చింది. చిన్నప్పుడే ఊరు దాటిన మనిషి కదా, సీమ యాస కోసం టేపురికార్డరు పట్టుకుని మళ్లీ ఇటు వచ్చి, జనం మాటలు విని నేర్చుకున్నారట. మాస్టారి బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఆ సినిమా నంద్యాలలో అమ్మతో కలిసి చూశాను. తెర మీద వీరభద్రయ్య నోరు విప్పగానే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఈయప్ప మన మాదిరే మాట్లాడ్తాండాడే!" అంది. నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. అప్పటికి నేను కోస్తాలో ఒక కాలేజీలో చదువుతున్నాను. హాస్టల్లో "యాడికి పోతాండారు?" అన్నానంటే పకపకా నవ్వేవాళ్లు. ఆ నవ్వుకు జడిసి నా మాటను పెట్టె అడుగున దాచేశాను. సినిమా తర్వాత నవ్వడం మానేశారు. భయపడటం మొదలుపెట్టారు!

'సమరసింహారెడ్డి' (1999), 'జయం మనదేరా' (2000) వచ్చేసరికి ఆ భయం ఇంకా ముదిరింది. రెండోదానికి ఆయనకు ఉత్తమ విలన్‌గా నంది అవార్డు వచ్చింది. ఊళ్లో మేం సంబరపడ్డాం. అదే రోజుల్లో మా బంధువుల అమ్మాయికి కుదరబోయిన సంబంధం "సీమ పిల్లా? వద్దులే" అన్న ఒక్క మాటతో చెడిపోయింది. కె.సి. కాలువ నీళ్లతో వరి పండించుకునే ఊళ్లు, తెల్లారితే కూలికి పోయే ఆడవాళ్లు ఆ సినిమాల్లో ఎక్కడున్నారు? ఆయన్ను చూసి గర్వపడ్డానా, కోపగించుకున్నానా అంటే, రెండూ నిజమే.

ఆ కోపాన్ని పోగొట్టింది కూడా ఆయనే. 'ఎవడి గోల వాడిది' (2005), 'రెడీ' (2008) లాంటి సినిమాల్లో అదే మీసం, అదే గద్దింపు. కానీ ఇంతెత్తున లేచిన పెద్దమనిషి చివరికి ఎవరో ఒకరి మాయలో పడి బిక్కమొహం వేస్తాడు. నవ్వించడానికని ఆయన మాటను వంకర తిప్పలేదు. మా యాసకు కాకుండా, ఆ మనిషి తిప్పలకు నవ్వారు జనం. హాస్టల్లో నేను పడ్డ నవ్వుకూ దీనికీ ఎంత తేడా!

ఇంత పేరొచ్చినా నాటకం వదల్లేదు. 'అలెగ్జాండర్'లో స్టేజీ మీద ఆయనొక్కరే. ఫోనులో ఎవరెవరి కష్టాలో విని దారి చెప్పే రిటైర్డు మిలిటరీ మేజరు వేషం. చుట్టూ ఎవరూ లేకుండా, కేవలం మాటతో జనాన్ని కూర్చోబెట్టాలంటే మాటలా!

2020 సంక్రాంతికి 'సరిలేరు నీకెవ్వరు'లో నవ్వించారు. ఆ సెప్టెంబరు 8న గుంటూరులోని ఇంట్లో గుండెపోటుతో పోయారు. కరోనా రోజులు. సినిమా హాళ్లన్నీ మూసే ఉన్నాయి.

మొన్న పండక్కి ఊరికి పోతే, హైదరాబాదులో పెరిగిన మా అమ్మాయి తువ్వాలు భుజాన వేసుకుని ఆయనలా మాట్లాడి చూపించింది. అమ్మ కడుపుబ్బా నవ్వి, "అట్ల కాదు పాపా, 'యాడికి' అని బాగా సాగదీసి అనల్ల" అని దగ్గర కూర్చోబెట్టుకుంది.