పిస్టన్ కొనేముందు బోరు కొలవాలి

కారు ఇంజన్ ఆయిల్ తింటూ, సైలెన్సరు నుంచి నీలిపొగ వదులుతుంటే బోరు పని వచ్చిందని అనుకోవడం మామూలే. వాల్వ్ సీల్స్ అరిగినా అదే పొగ వస్తుంది. అందుకే కంప్రెషన్ పరీక్ష చేయించాకే ఇంజన్ విప్పించాలి.

విప్పాక ముందుగా ఖర్చు పెట్టాల్సింది కొలత మీద. సిలిండర్ అంతటా ఒకేలా అరగదు. పై రింగు ఆగి వెనక్కి మళ్లే చోట అరుగుదల ఎక్కువ. కాబట్టి బోర్ గేజ్‌తో పైన, మధ్యన, కింద, ప్రతిచోటా రెండు దిక్కుల్లో కొలవాలి. తేడా కంపెనీ చెప్పిన హద్దులోనే ఉండి, పిస్టన్ మీది రింగు గాళ్లు వదులవకపోతే పాత పిస్టన్లే పనికొస్తాయి. హోనింగ్ చేయించి కొత్త రింగులు వేస్తే చాలు. అన్నిటికన్నా చవకైన దారి ఇదే.

హద్దు దాటితే రీబోరింగ్ తప్పదు. ఉదాహరణకు, మారుతి 800 బోరు 68.5 మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టన్లు సాధారణంగా 0.25, 0.50 మి.మీ. పెద్దవిగా వస్తాయి. బోరు మీది అరుగుదల, గీతలు పోవడానికి ఎంత అవసరమో అంతే కోయించాలి. మిగిలిన లోహం మరోసారి బోరింగ్‌కు పనికొస్తుంది. మూడు సిలిండర్లనూ 0.50 పెంచినా 796 సీసీ కాస్తా దాదాపు 808 అవుతుంది, అంతే. పికప్ పెరుగుతుందన్న ఆశతో పెద్ద సైజుకు పోనక్కర్లేదు. గీతలు మరీ లోతుగా ఉంటే స్లీవ్ వేయించి, మళ్లీ స్టాండర్డ్ సైజు పిస్టన్లు వాడుకోవచ్చు.

పిస్టన్లు ముందు కొని, వాటిని లేత్ షాపులో ఇచ్చి, ఒక్కోదాని స్కర్ట్ కొలత ప్రకారం బోరు కోయించడమే సరైన వరస. పిస్టన్‌కూ బోరుకూ మధ్య వదలాల్సిన సందు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే మరి!

రోజువారీ కారుకు ఫోర్జ్డ్ పిస్టన్లు అనవసరం. అవి రేసింగ్ ఒత్తిడికి తగినవి. వేడికి ఎక్కువ వ్యాకోచిస్తాయి కాబట్టి సందు ఎక్కువ వదలాలి, చల్లగా ఉన్నప్పుడు టకటకమంటాయి. సిలికాన్ కలిసిన అల్యూమినియం పోత పిస్టన్లు చాలు. అయితే పిన్ను నుంచి తల వరకు ఎత్తు, తల ఆకారం పాతదానితో సరిపోవాలి. లేకపోతే కంప్రెషన్ మారుతుంది, వాల్వులు తగిలే ప్రమాదమూ ఉంది. పాత పిస్టన్‌నూ ఇంజన్ నంబరునూ షాపుకు తీసుకెళ్లడం మంచిది. సెట్టులోని పిస్టన్ల బరువులు ఒకటేనా అని తూకం వేయించాలి. సెకండ్‌హ్యాండ్ పిస్టన్లు వేరే బోరులో అరిగినవి, ఎంత చవకైనా వద్దు.

పొదుపు రింగుల దగ్గర మాత్రం కూడదు. ప్రతి రింగునూ దాని బోరులోనే దించి, కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో చూడాలి. సందు చాలకపోతే వేడెక్కినప్పుడు కొసలు ఒకదానికొకటి తన్ని బోరును గీసేస్తాయి. ఈ కొలత చూడకుండా రింగులు ఎక్కించే షాపుకు ఇంజన్ అప్పగించకండి.