కరెంటు కారులో బోరు మోటరు



మన హాస్టల్ వార్షిక సంచికకు సైన్సు మీద ఏదైనా రాయమని అడిగారు. నేనొక కారు గురించి రాస్తున్నాను. మనలో ఎవరి ఇంటి ముందూ ఆ కారు ఆగేది లేదు. అయినా చదవండి, దానిలో ఉన్నది మీ పదో తరగతి పాఠమే.

కారు పేరు బటిస్టా. మహీంద్రా వారి కంపెనీ ఆటోమొబిలి పినిన్‌ఫరీనా దీనిని 2019లో జెనీవా ప్రదర్శనలో చూపించింది. 150 మాత్రమే తయారుచేస్తామన్నారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పందెం జరిగిన రోజుల్లో హైదరాబాదుకూ తెచ్చారు. నేను చూసింది ఫోనులోనే! ఇటువంటి వాటిని గ్రాండ్ టూరర్, అంటే జి.టి. కార్లు అంటారు. పందెం కారులా ఉరకాలి, దూర ప్రయాణానికి సుఖంగానూ ఉండాలి.

దీనికి ఇంజను లేదు. చక్రానికొకటి చొప్పున నాలుగు మోటర్లు, మొత్తం 1400 కిలోవాట్లు. మన పొలాల్లోని 5 హెచ్.పి. బోరు మోటర్లు 375 ఒక్కసారే ఆన్ చేస్తే ఎంతో అంత! (మన ట్రాన్స్‌ఫార్మర్ సంగతి చెప్పనక్కర్లేదు.) నిలబడి ఉన్న కారు గంటకు 100 కి.మీ. వేగం అందుకోవడానికి 1.86 సెకన్లు చాలు. గురుత్వ త్వరణం 9.8 తీసుకొని లెక్క వేయండి. పైనుంచి వదిలిన రాయికి ఆ వేగం రావడానికి 2.8 సెకన్లు పడుతుంది.

పెట్రోలు ఇంజను వేగంగా తిరిగితే తప్ప దాని బలం బయటికి రాదు. మోటరు అలా కాదు, మొదటి చుట్టు నుండే పూర్తి బలంతో తిప్పుతుంది. తీగలో కరెంటు, చుట్టూ అయస్కాంతం, ఫ్లెమింగ్ ఎడమచేతి నియమం. హాస్టల్లో దానిని బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాను. అర్థమైంది మాత్రం మా బాపు దుకాణంలో. బాన్సువాడలో కాలిపోయిన బోరు మోటర్లకు బాపు వైండింగ్ చేస్తాడు. తిరిగే మోటరు తనలోనే ఎదురు వోల్టేజి పుట్టించి కరెంటును అదుపులో ఉంచుతుంది. ఇసుక పట్టి పంపు ఆగిపోతే ఆ అడ్డు పోతుంది, కరెంటు విపరీతంగా పారి కాయిల్ కాలుతుంది. ఏడో తరగతి చదివిన బాపుకు ఇది వాసన చూస్తేనే తెలుస్తుంది.

మరి కారు మోటరు నిలిచిన చోటు నుండి అంత బలంగా లాగినా ఎందుకు కాలదు? బ్యాటరీకి, మోటరుకు నడుమ ఇన్వర్టర్ అనే డబ్బా ఉంటుంది. ఏ క్షణాన ఏ కాయిల్‌కు ఎంత కరెంటో అదే కొలిచి పంపుతుంది. బ్రేకు వేస్తే మోటరును జనరేటరుగా మార్చి బ్యాటరీని నింపేదీ అదే.

బ్యాటరీలో పట్టేది 120 యూనిట్లు. కంపెనీ లెక్కన 476 కి.మీ. వస్తుంది, ఇక్కడి నుండి హైదరాబాదు పోయి రావచ్చు. పూర్తి బలంతో తొక్కితేనో? 120ని 1400తో భాగించండి. 5 నిమిషాలు! దూర ప్రయాణపు కారు అన్న పేరు మీద నాకు కొంచెం అనుమానమే.

పోయిన ఎండాకాలం ఒక కరెంటు ఆటో మా దుకాణానికి వచ్చింది. బాపు మోటరు విప్పి చూశాడు. "కాయిల్ మంచిగనే ఉన్నది బిడ్డా, గా డబ్బనే ఖరాబైంది. సదువుకున్నోనివి, నువ్వు జూడు" అన్నాడు. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటివాడిని, ఎమ్మెస్సీ ఫిజిక్స్. మూత తీశాను గానీ ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియలేదు. ఆటోను ట్రాలీలో నిజామాబాదుకు పంపించాము. ఆ రోజు బాపు నన్ను ఏమీ అనలేదు.

తరువాత అటువంటి పాత డబ్బా ఒకటి కొన్నాను. ఆదివారాలు విప్పుకొని కూర్చుంటున్నాం. బాపు మీటరు పడతాడు, నేను బొమ్మ గీస్తాను. సగం దాకా వచ్చాం. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ అనుకునేవాళ్ళు ఉంటే దుకాణానికి రండి, మూడో చెయ్యి కావాలి.