ఈ-రీడర్ కొనేముందు అల్మారా చూసుకోండి

ఈ-రీడర్ అమ్మేవాళ్లు అన్నిటికంటే గొప్పగా చెప్పుకునేది బ్యాటరీ గురించి. ఒక్కసారి ఛార్జింగ్ పెడితే 12 వారాలు వస్తుందంటారు. అబద్ధమేమీ కాదు. కాకపోతే కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంటుంది: వైఫై ఆపేసి, రోజుకు అరగంట చదివితే. లెక్క వేస్తే మొత్తం 42 గంటల చదువు. రోజూ మూడు గంటలు పుస్తకం పట్టుకునే మనిషికి రెండు వారాలు వస్తుందన్నమాట. పూటపూటకీ ప్లగ్గు వెతుక్కునే ఫోనుతో పోలిస్తే అదీ ఎక్కువే. అయితే తెలుగు పాఠకులు ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. తాము చదివే పుస్తకాలు ఏ భాషవి, అవి ఏ రూపంలో దొరుకుతాయి?

ఆ సంగతికి వచ్చేముందు తెర గురించి నాలుగు మాటలు. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో పుట్టిన ఆలోచనతో 1997లో ఈ-ఇంక్ అనే సంస్థ మొదలైంది. వాళ్ల తెరలో వెంట్రుక మందమంత ఉండే సూక్ష్మ గుళికలు లక్షల్లో ఉంటాయి. ప్రతి గుళికలోనూ తేటగా ఉండే ద్రవం, అందులో తెల్ల రేణువులు, నల్ల రేణువులు. ఒక రంగుకు ధనావేశం, రెండో రంగుకు రుణావేశం. కింది నుంచి కరెంటు ఇచ్చే తీరును బట్టి ఏదో ఒక రంగు పైకి తేలుతుంది, అక్షరం ఏర్పడుతుంది. ఒకసారి తేలిన రేణువులు కరెంటు తీసేసినా అక్కడే నిలబడతాయి. పేజీ తిప్పినప్పుడు తప్ప తెరకు పెద్దగా కరెంటుతో పని లేదు. బ్యాటరీ వారాల తరబడి రావడంలోని కిటుకు ఇదే. 2004లో సోనీ ఈ తెరతో జపాన్‌లో లిబ్రియే అనే రీడర్‌ను అమ్మింది. 2007 నవంబరులో అమెజాన్ 399 డాలర్లకు కిండిల్‌ను దించాకే లోకమంతా దీనివైపు చూసింది.

ఈ తెర ఫోనులా తనంతట తాను వెలగదు. పడిన వెలుతురునే తిప్పి పంపుతుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం బస్టాండులో నిలబడి కూడా హాయిగా చదువుకోవచ్చు. చీకట్లో చదవడానికి ఇప్పటి రీడర్లలో అంచుల నుంచి తెర మీదికి వెలుతురు పరిచే చిన్న దీపాలు ఉంటున్నాయి. విశాఖలో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్లకు దీని విలువ బాగా తెలుస్తుంది. రాత్రి పది దాటాక బోగీలో దీపాలు ఆర్పేయాలి, హైదరాబాద్ చేరేది తెల్లవారాకే. కింది బెర్తు పెద్దాయన నిద్ర చెడకుండా, పై బెర్తులో పడుకుని నవల పూర్తి చేసుకోవచ్చు.

బరువు సంగతి సరేసరి. పావుకిలో కూడా లేని పలక, అందులో వేల పుస్తకాలు. విమానంలో కిలోల లెక్కన సామాను సర్దుకునేవాళ్లకు ఇది పెద్ద వెసులుబాటు. లిథియం బ్యాటరీ ఉంటుంది గనుక చేతి సంచిలోనే పెట్టుకోవడం మంచిది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది: చాలా రీడర్ల తెర అడుగున పలచటి గాజు ఉంటుంది. అట్ట లేకుండా స్టీలు టిఫిను డబ్బా పక్కన కుక్కితే, దిగేసరికి సగం పేజీ మీద నల్లటి చారలే మిగులుతాయి.

పడుకునేముందు ఈ-రీడర్ చదివితే నిద్ర పాడవుతుందని తరచూ వినిపిస్తుంది. అందుకు ఆధారంగా చూపే పరిశోధన 2014 చివర్లో అమెరికాలో వెలువడింది. పన్నెండు మందితో చేసిన ఆ ప్రయోగంలో వాడింది ఐప్యాడ్, అదీ పూర్తి వెలుతురుతో, పడుకునేముందు నాలుగేసి గంటలు. దాన్ని తీసుకొచ్చి ఈ-ఇంక్ తెరకు అంటగట్టడం కుదరదు.

ఇక తెలుగు దగ్గరికి వద్దాం. చిక్కంతా ఇక్కడే.

2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లోకి భారతీయ భాషల పుస్తకాలు తెచ్చింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. ఆ అయిదింటిలో తెలుగు లేదు. ఇన్ని కోట్ల మంది మాట్లాడే భాషను పక్కన పెట్టడం వ్యాపారపరంగా కూడా అర్థం కాని విషయమే. ఇంగ్లిషు ఎక్కువగా చదివేవాళ్లకు ఇది అడ్డేమీ కాదు, వాళ్లు పెద్దగా ఆలోచించకుండా కొనుక్కోవచ్చు. అల్మారాలో ముప్పాతిక వంతు తెలుగు పుస్తకాలే ఉన్నవాళ్లు మాత్రం కాస్త ఆగాలి.

చాలామంది అనేది ఒకటే: నెట్‌లో తెలుగు పీడీఎఫ్‌లు బోలెడున్నాయి కదా, వాటిని ఎక్కించుకుంటే పోలా? ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాలు రాశులుగా ఉన్నమాట నిజమే. కానీ వాటిలో ఎక్కువ భాగం పేజీలకు తీసిన ఫొటోలు. ఫొటోలో అక్షరం సైజు పెంచడం, వరుస తెరకు తగ్గట్టు సర్దుకోవడం ఉండవు. మన నవలలు ఎక్కువగా వచ్చే డెమ్మీ సైజు పేజీ అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర పొడవు. ఆరు అంగుళాల రీడర్ తెర 3.6 అంగుళాల వెడల్పు, 4.8 పొడవు. అంచులు కత్తిరించకుండా పేజీ మొత్తం అందులో పట్టాలంటే అక్షరం దాదాపు సగానికి కుంచించుకుపోతుంది. ఇంగ్లిషు అక్షరమైతే ఎలాగో ఓర్చుకుంటుంది. అక్షరం మీద గుడి, కింద వత్తు, ఆ వత్తుకు ఇంకో వత్తు ఉండే మన లిపి ఓర్చుకోదు. పెద్దది చేసుకుంటే ప్రతి వరుసకూ పేజీని అటూ ఇటూ జరుపుతూ ఉండాలి, ఈ-ఇంక్ తెర ఆ పనికి బహు నెమ్మది. స్కాన్ పుస్తకాలే చదవాలనుకుంటే పది అంగుళాల తెర కావాలి. దాని ధర వేరు, బరువు వేరు.

చిన్న రీడర్‌కు సరిపడేది అక్షరం సైజు మార్చుకోగల ఈపబ్ రూపం. తెలుగు వికీసోర్సులో కాపీహక్కుల గడువు తీరిన పుస్తకాలను పేజీ చూసి టైపు చేసి పెట్టారు, వాటిని ఈపబ్‌గా దించుకోవచ్చు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల వరకూ హక్కులుంటాయి గనుక గురజాడ, కందుకూరి కాలంనాటి రచనలకు అక్కడ అడ్డు లేదు. కొత్త పుస్తకాలను ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఆ ఫైలు రీడర్‌లోకి ఎక్కుతుందా, లేక అమ్మినవాళ్ల యాప్‌లోనే తెరుచుకుంటుందా అన్నది ముందే కనుక్కోవాలి.

ఈపబ్ ఎక్కినా తెలుగు అక్షరాలు సరిగ్గా కూడుకుంటాయన్న హామీ లేదు. దీనికో చిన్న పరీక్ష ఉంది. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘కృష్ణుడు’, ‘సూర్యుడు’ అని నాలుగు మాటలు టైపు చేసిన ఫైలును రీడర్‌లో తెరిచి చూడాలి. వత్తులు కిందికి దిగకుండా పొల్లులతో పక్కపక్కన నిలబడితే దానికి తెలుగు రాదని అర్థం. కొన్నిసార్లు ఫాంటు మారిస్తే బాగుపడుతుంది. సిలికానాంధ్ర సంస్థ చొరవతో వచ్చిన మండలి ఫాంటు ఉచితం, చదవడానికి కంటికి ఇంపుగా ఉంటుంది. కోబో రీడర్‌లో ‘ఫాంట్స్’ పేరుతో ఫోల్డరు పెట్టి అందులో వేసుకోవచ్చు. కోరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరునూ కోబోలో ఎక్కించుకోవచ్చు. ఇదంతా తలనొప్పి అనుకునేవాళ్లకు బూక్స్ లాంటి ఆండ్రాయిడ్ రీడర్లున్నాయి. ఫోనులో వాడే తెలుగు యాప్‌లు వాటిలోనూ నడుస్తాయి, కాకపోతే బ్యాటరీ అన్ని వారాలు రాదు. విదేశం నుంచి తెప్పించుకుంటే వారంటీ ఎవరు చూస్తారో అడగకుండా డబ్బు కట్టకూడదు.

కొన్న ఈ-పుస్తకం మీద మన హక్కు ఎంతన్నది మరో ప్రశ్న. 2009 జులైలో హక్కుల తగాదా వచ్చి, జార్జ్ ఆర్వెల్ రాసిన ‘1984’ను అమెజాన్ కొనుక్కున్నవాళ్ల కిండిళ్లలోంచి దూరం నుంచే తీసేసింది. తర్వాత సంస్థ అధిపతే క్షమాపణ చెప్పాడు. కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని యూఎస్‌బీ ద్వారా ఎక్కించుకునే వీలును 2025 ఫిబ్రవరిలో అమెజాన్ ఎత్తేసింది. డబ్బులిచ్చి మనం తీసుకునేది చదువుకునే అనుమతి మాత్రమే. నచ్చిన పుస్తకాన్ని స్నేహితులకు ఇచ్చేసే అలవాటున్నవాళ్లకు ఇది ఇబ్బందే.

ధర విషయానికొస్తే, ఏడు అంగుళాల కొత్త కిండిల్ పేపర్‌వైట్ 2025లో మన దేశంలో 16,999 రూపాయలకు వచ్చింది. ఒక్కోటి రెండు వందల చొప్పున ఎనభైకి పైగా తెలుగు పుస్తకాలు కొనుక్కోగల డబ్బు. నెలకు ఒక పుస్తకం కూడా పూర్తి చేయనివాళ్లు ఆ డబ్బుతో డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికో వెళ్లిరావడమే లాభసాటి. చూపు మందగించి, చిన్న అక్షరాల వల్లే పుస్తకం మానేసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం లెక్క మారుతుంది. ఈపబ్‌లో అక్షరాన్ని కావలసినంత పెద్దది చేసుకోవచ్చు. వాళ్లకోసం కొనేవాళ్లు పెట్టె ఇచ్చి ఊరుకోకుండా, నాలుగు తెలుగు పుస్తకాలు ముందే ఎక్కించి, ఫాంటు మార్చి, సైజు సరిచేసి ఇవ్వాలి.