వెయ్యి బీడీల నడుమ తొమ్మిది రంగులు

దసరా రోజుల్లో షోలాపూర్ తెలుగు ఆడపడుచుల సింగారం

షోలాపూర్: గంటకు నూరు బీడీలు. వెయ్యి చుట్టాలంటే పది గంటలు. చెయ్యి తిరిగిన మనిషికి ఇంకాస్త తక్కువ, కొత్తగా నేర్చుకుంటున్న కోడలికి ఇంకాస్త ఎక్కువ. షోలాపూర్ తూర్పు భాగంలోని తెలుగువాళ్ల గల్లీల్లో ఆడవాళ్లు పొద్దును కొలుచుకునే పద్ధతి ఇదే. బతుకమ్మ ఆటకు రెండు గంటలు పోతే రెండు నూర్ల బీడీలు పోయినట్టు. గోరింటాకు పెట్టుకుని చేతులు కదపకుండా కూర్చుంటే ఇంకో నూరు. ఇంత లెక్క ఉన్నచోట సింగారానికి తావెక్కడ అనుకుంటే పొరపాటే. ఏడాది మొత్తంలో చేతికి తీరిక దొరకని ఈ దసరా రోజుల్లోనే ఇక్కడి గల్లీలు రంగులు మార్చుకుంటాయి. అదీ రోజుకొకటి!

అశోక్ చౌక్, దత్తనగర్, నీలంనగర్... ఈ పేటల్లో తలుపు తట్టి తెలుగులో పలకరిస్తే తెలుగులోనే జవాబొస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి తరాల కింద వచ్చిన పద్మశాలీలే ఎక్కువ. 1877లో ఇక్కడ మొదటి నూలు మిల్లు లేచింది. ఆ తర్వాత మిల్లులు పెరిగాయి, మగ్గాలు పెరిగాయి, వాటి వెంట మన జనమూ పెరిగారు. మగవాళ్లు చద్దర్లు, తువాళ్లు నేసే పవర్‌లూమ్‌ల మీదికి, ఆడవాళ్లు బీడీల చాట ముందుకు. యూనిఫారాలు కుట్టే కార్ఖానాలు వచ్చాక కొందరు కుట్టుమిషన్ల మీదికి మళ్లారు. అయినా చాట పూర్తిగా పక్కకు పోలేదు.

దసరా ముందు పని ఎందుకంత ఎక్కువంటే, అన్నీ ఒకేసారి వచ్చి మీద పడతాయి. చలికాలం వస్తోందని చద్దర్లకు గిరాకీ. దీపావళికి చేతిలో నాలుగు డబ్బులుండాలన్న తొందర. పిల్లలకు దీపావళి సెలవుల ముందు పరీక్షలు. వీటికి తోడు మహారాష్ట్ర ఆనవాయితీ ఒకటుంది. నవరాత్రి ఘటం కూర్చోబెట్టే ముందు ఇల్లంతా కడగాలి, ఇంట్లో ఉన్న ప్రతి గుడ్డా ఉతకాలి. మన వాళ్లూ దీన్ని ఏనాడో అందిపుచ్చుకున్నారు. ఆ నాలుగైదు రోజులూ ఏ మేడ మీద చూసినా షోలాపూర్ చద్దర్లే ఆరుతుంటాయి. ఇంటాయన నేసినవి, ఇంటామె ఉతికినవి!

ఏ రోజు ఏ రంగు?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నవరాత్రి తొమ్మిది రోజులూ రోజుకో రంగు చీర కట్టుకోవడం మహారాష్ట్రలో పెద్ద ముచ్చట. ఇది పాతకాలపు ఆచారమేమీ కాదు. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో మరాఠీ పత్రికల వల్ల బాగా పాకింది. ఫలానా రోజు ఫలానా రంగు అని అచ్చువేసి, ఆ రంగు కట్టుకున్న ఆడవాళ్ల ఫొటోలు మర్నాడు వేసేవారు. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో, ముంబయి లోకల్ రైళ్లలో మొదలైన సరదా నడిచి నడిచి బీడీ గల్లీ దాకా వచ్చింది.

చాలామందికి తెలియని కిటుకు ఒకటుంది. రంగుల పట్టిక కోసం ఏటా వెతుక్కోనక్కర్లేదు. ఈమధ్య సంవత్సరాల్లో మొదటి ఏడు రంగులూ వారాన్ని బట్టే నడుస్తున్నాయి. సోమవారం తెలుపు, మంగళవారం ఎరుపు, బుధవారం ముదురు నీలం, గురువారం పసుపు, శుక్రవారం ఆకుపచ్చ, శనివారం బూడిద రంగు, ఆదివారం నారింజ. మిగిలిన రెండు రోజులకు గులాబీ, వంకాయరంగు, నెమలిరంగుల్లో ఏవో రెండు. 2023లో నవరాత్రి ఆదివారం మొదలైంది కాబట్టి నారింజతో తెరలేచింది. 2024లో గురువారం, పసుపు. 2025లో సోమవారం, తెలుపు. ఈ లెక్క పట్టుకుంటే ఎవరినీ అడిగే పనిలేదు.

అడగాల్సింది ఒక్కటే... ఆ రంగు చీర పెట్టెలో ఉందా? ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ఏ ఇంట్లోనైనా ఉంటాయి. పెళ్లికి పెట్టినవో, శ్రావణంలో కొన్నవో. చిక్కంతా బూడిద రంగుతోనే. పండగపూట బూడిద రంగు చీర కొనే తెలుగింటి ఇల్లాలు ఎక్కడుంటుంది? తెలుపుతోనూ ఇదే తంటా. ముత్తయిదువ ఒట్టి తెల్లచీర కట్టదు కదా. అందుకని ఎర్ర అంచో, జరీ అంచో ఉన్న తెల్లచీర బయటికి తీస్తారు. బూడిద రంగుకు మాత్రం అరువే గతి. పొద్దున బీడీలు అప్పజెప్పడానికి బ్రాంచికి పోయేటప్పుడు ఒకరు కట్టుకుంటే, సాయంత్రం బతుకమ్మకు అదే చీర పక్కింటి వదిన ఒంటి మీద కనపడుతుంది. ఇందులో నామోషీ లేదు. పైపెచ్చు, ఎవరికి బాగా నప్పిందన్న ముచ్చట మర్నాడు చాటల దగ్గర మధ్యాహ్నం దాకా నడుస్తుంది.

అయినా చీరే కావాలని ఎవరన్నారు? అంచు రంగు లెక్కలోకి వస్తుంది. పచ్చ అంచున్న పసుపు చీర గురువారానికీ పనికొస్తుంది, శుక్రవారానికీ పనికొస్తుంది. రవిక రంగు సరిపోయినా చాలు. అదీ లేదంటే డజను గాజులు, జడకో రిబ్బను, నొసట బొట్టు. నేతగాళ్ల ఇళ్లల్లో పుట్టిన ఆడపిల్లలకు ఏ రంగు పక్కన ఏ రంగు నిలుస్తుందో ఒకరు చెప్పాల్సిన పనిలేదు. పడుగులో ఒక రంగు, పేకలో ఇంకో రంగు పడితే గుడ్డకు మూడో నీడ వస్తుందని చిన్నప్పటినుంచి మగ్గం పక్కన చూసి పెరిగినవాళ్లు.

ఇక్కడే కాస్త ఆగి చెప్పుకోవాల్సిన మాటొకటుంది. తొమ్మిది రంగులకు తొమ్మిది కొత్త చీరలు కావాలనుకుంటే మాత్రం ఈ సరదా మెడకు చుట్టుకుంటుంది. వాయిదాల మీద చీరలిచ్చే బేరగాళ్లు ఈ రోజుల్లో గల్లీలు వదలరు. ఇప్పుడు పదో పరకో ఇచ్చి తీసుకో, మిగతాది వారం వారం కట్టు అంటారు. ఆ వారం వారం అన్నది సంక్రాంతి దాటినా తెగదు. చుట్టిన బీడీల మీద వచ్చే కూలితో వాయిదా కట్టడమంటే ఆ చీరను వేల బీడీలతో నేసుకోవడమే. ఫోన్లలో స్టేటస్‌లు వచ్చాక ఇబ్బంది ఇంకాస్త పెరిగింది. అందరూ ఒకే రంగులో వరసగా నిలబడి ఫొటో తీసుకుంటారు. ఆ వేళకు లోపల ఏదో పనుందని తప్పుకునే మనిషి ఏ గల్లీలోనైనా ఒకరుంటారు. పనేమీ ఉండదు, ఆ రంగు ఉండదు అంతే. ఆమె చేతికి నాలుగు గాజులు తొడిగి పక్కన నిలబెట్టుకునే ఆడవాళ్లున్న గల్లీకి కొత్త చీరలతో పనేముంది?

తరవడ్ అంటే మన తంగేడే

నవరాత్రికి ఒకరోజు ముందే, అమావాస్యనాడు, ఎంగిలిపూల బతుకమ్మతో మనవాళ్ల పండగ మొదలవుతుంది. అంటే రంగుల ఆట కన్నా పూల ఆటకు ఒకరోజు వయసు ఎక్కువ. 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండగ చేసింది. షోలాపూర్ ఆడవాళ్లు అప్పటికి ఎన్నో తరాలుగా ఆడుతూనే ఉన్నారు, ఎవరి ఉత్తర్వూ లేకుండానే.

పూలకు కొదవ లేదు. మన తంగేడును ఇక్కడ తరవడ్ అంటారు. ఊరు దాటితే రోడ్ల వెంబడి పసుపుపచ్చగా విరగబూసి ఉంటుంది. మరాఠీ ఇళ్లల్లో నవరాత్రి ఘటానికి కట్టే మాలలోనూ ఈ పువ్వు చేరుతుంది. అంటే ఒకే చెట్టు పూలు గోడకు ఇవతల బతుకమ్మలో, అవతల దేవి మాలలో! గునుగును కుర్డూ అంటారు. మరాఠీ వాళ్లు దాని లేత ఆకు కూర వండుకుంటారు, మనకు దాని తెల్ల కంకులు కావాలి. కంకుల్ని రంగు నీళ్లలో ముంచి గులాబీ, నీలం, ఆకుపచ్చ చేసి ఆరబెట్టడం పిల్లల పని. పిల్లల చేతులు వారం రోజులు రంగులోనే ఉంటాయి, బళ్లో అయ్యవారు కూడా ఏమీ అనరు. బంతిపూలు మాత్రం బజారులో కొనాల్సిందే, పండగ దగ్గరపడేకొద్దీ వాటి ధర చూడాలి మరి.

పూలు పేర్చడానికి పొద్దు ఎక్కడిది? రాత్రే తునికాకు తడిపి గోనెలో చుట్టి పెట్టుకుంటారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, రేకు కొలత పెట్టి కత్తెరతో ఆకు కత్తిరిస్తారు. మధ్యాహ్నం మూడు దాటేసరికి లెక్క ఒక దారికి వస్తుంది. అక్కడినుంచి పూలు. తొందరలో చుట్టిన బీడీ వదులైతే బ్రాంచిలో ఏరి పక్కన పడేస్తారు, దానికి కూలి రాదు. కాబట్టి తొందరకూ ఒక హద్దుంది. ఆరోనాడు అలిగిన బతుకమ్మ కదా, ఆరోజు ఆట ఉండదు. అమ్మవారు అలిగిందో లేదో గానీ, మిగిలిపోయిన కట్టలు సరిచేసుకోవడానికి బీడీ ఇంటికి ఆ రోజే దిక్కు.

తంబాకు వాసన సంగతి కూడా చెప్పాలి. పదిగంటలు తంబాకులో ఆడిన వేళ్లకు ఆ వాసన సబ్బుతో ఒక్కసారికి పోదు. నిమ్మచెక్క రుద్దుతారు, చింతపండు రుద్దుతారు. ఆ తర్వాతే మల్లెల గజ్రా ముట్టుకోవడం. సాయంత్రం ఆరింటికి చేతులు కడుక్కుని, గజ్రా జడలో తురుముకుని, మోచేతి దాకా పైకి ఎగదోసుకున్న గాజుల్ని మళ్లీ మణికట్టు దగ్గరికి జార్చుకుంటారు. పొద్దంతా గాజులు పైకే ఉంటాయి, చాటకు తగలకుండా. అవి కిందికి జారి గలగలమన్నాయంటే ఆ రోజుకు పని ముగిసినట్టే.

నాయనమ్మ ఇర్కల్, మనవరాలి ఖణ్

సింగారానికి ఆనవాళ్లు దొరికేది టీవీలోనో ఫోన్‌లోనో మాత్రమే కాదు. ఇంట్లో ముసలమ్మ పెట్టె తెరిస్తే చాలు. షోలాపూర్ తెలుగు నాయనమ్మలు ఇర్కల్ చీరలు కట్టినవాళ్లు. కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ఇల్కల్ ఊరి నేత అది. ఎర్ర కొంగు మీద తెల్లని కోటకొమ్ముల్లాంటి వరసలుంటాయి, దానికి తోప్‌తెని అని పేరు. అదే జిల్లాలోని గుళేదగుడ్డలో నేసే ఖణ్ గుడ్డ ఒకప్పుడు రవికలకే వాడేవారు. ఈమధ్య సంవత్సరాల్లో ఖణ్‌తో చీరలు, పిల్లల గౌన్లు, సంచులు కూడా వస్తున్నాయి. నాయనమ్మ దాచిన ఖణ్ రవిక ముక్క ఇప్పుడు మనవరాలి పంజాబీ డ్రెస్ చేతుల అంచుకు ఎక్కుతోంది. కుట్టుమిషన్ ఇంట్లోనే ఉంటే కుట్టుకూలి కూడా లేదు.

మరాఠీ దేశపు ఆకుపచ్చ గాజులు, కర్ణాటక ఇర్కల్, తెలంగాణ బతుకమ్మ. మూడు రాష్ట్రాలు ఒక్క మనిషి మీద కనపడే చోటు షోలాపూర్. ఎవరో కూర్చి పెట్టిన ఫ్యాషన్ కాదిది, వందేళ్లకు పైగా పక్కపక్కన బతికితే వచ్చింది.

చాట పక్కన

పగటిపూట సుఖాలు ఇంకా చిన్నవి. కళ్లు ఆకు మీద ఉండాలి కాబట్టి టీవీ సీరియల్ చూడటం కాదు, వినడమే. ఏడ్చేది అత్తో కోడలో గొంతును బట్టి పోల్చుకుంటారు. నాలుగింటికి చాయ్. అది ఇంట్లో తాగరు, అందరూ అరుగు మీదికి వచ్చి తాగుతారు. ఆ పది నిమిషాలే నడుం వాల్చినంత. వండటానికి తీరిక లేని రోజున షోలాపూర్ కడక్ భాకరీ ఆదుకుంటుంది. అప్పడంలా ఎండిన జొన్నరొట్టె, రోజుల తరబడి చెడిపోదు. దానికి దంచిన శేంగ చట్నీ, పెరుగు. సద్దుల బతుకమ్మ నాడు మాత్రం రాజీ లేదు. పెరుగన్నం, పులిహోర, నువ్వుల సద్ది, బెల్లం కలిపిన మలీద ఇంటింటా ఉండాల్సిందే. మలీద అంటే మరాఠీ పక్కింటివాళ్లకు కూడా విడమరచి చెప్పక్కర్లేదు.

బీడీ కార్మికుల ఇళ్లు కొత్తచోట్లకు తరలడంతో ఈ ముచ్చట్లూ తరలాయి. కుంభారి దగ్గర గోదూతాయి పరులేకర్ పేరిట కట్టిన 10 వేల ఇళ్ల కాలనీని 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ అందజేశారు. అదే వైపు రేనగర్‌లో 15 వేల ఇళ్లు 2024 జనవరిలో ప్రధాని మోదీ చేతుల మీదుగా వచ్చాయి. అన్నీ ఒకే నమూనా ఇళ్లు. ఏది ఎవరిదో పోల్చాలంటే గడప చూడాలి, ముగ్గు చూడాలి, బతుకమ్మ రోజుల్లో వాకిట ఆరబెట్టిన గునుగు రంగు చూడాలి.

దసరా నాడు ఇక్కడ రెండు బంగారాలు. మనకు జమ్మి ఆకు బంగారం. మరాఠీ వాళ్లకు ఆప్టా ఆకు బంగారం, మన పల్లెల్లో ఆరె చెట్టు అనేది అదే. తెలుగు ఇళ్లల్లో రెండూ పంచుతారు. విచిత్రమేమంటే కొన్ని ప్రాంతాల్లో ఆరె ఆకుతో బీడీలు కూడా చుడతారు. ఏడాదంతా ఆకుతో బతికే చేతులు ఆ ఒక్కరోజు ఆకును కత్తిరించకుండా పెద్దల చేతుల్లో పెట్టి కాళ్లకు మొక్కుతాయి.

ఆ తర్వాత అయిదో రోజున కోజాగిరి పున్నమి. తుల్జాపూర్ భవాని దర్శనానికి షోలాపూర్ నుంచి దాదాపు 45 కిలోమీటర్లు కాలినడకన పోయే జనంలో మన ఆడవాళ్లూ ఉంటారు. ముందురోజే రెండు రోజుల బీడీలు చుట్టి బ్రాంచిలో అప్పజెప్పి బయల్దేరతారు. ఆ రాత్రికి రంగుల పట్టిక ఏదీ లేదు. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నూలుచీర, కాళ్లకు పిల్లల బడి బూట్లు, భుజాన చద్దర్.