మీకు తెలుసా? స్ప్లిట్ ఏసీ కొత్త గాలి తేదు!

తుంగభద్ర ఒడ్డున అలంపూర్‌లో ఉన్న నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలానివి, అంటే 7, 8 శతాబ్దాల నాటివి. స్వర్గబ్రహ్మ, విశ్వబ్రహ్మ వంటి గుళ్లలో గర్భగుడి చుట్టూ ప్రదక్షిణ మార్గం గోడల మధ్యే సాగుతుంది. చీకటిగా, ఉక్కగా ఉండాల్సిన చోటు. అందుకే బయటి గోడల్లో రాతిని జల్లెడలా తొలిచి జాలీ కిటికీలు పెట్టారు. వెలుతురూ గాలీ వాటిలోంచే వస్తాయి.

ఇక మన ఆఫీసు గదిలోకి అలా బయటి గాలి రాదు. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే లాగి, చల్లబరిచి, మళ్లీ అక్కడే వదులుతుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు సుమారు 420 పాళ్లు. మనం వదిలే ఊపిరిలో దాదాపు 40,000! తలుపులు బిగించి పదిమంది కూర్చుంటే గదిలో ఆ వాయువు పెరుగుతూనే ఉంటుంది. 2015లో వెలువడిన హార్వర్డ్ అధ్యయనంలో 24 మందిని పరీక్షిస్తే, ఈ వాయువు 1,400 పాళ్లు ఉన్న రోజుల్లో నిర్ణయాలు తీసుకునే పరీక్షల్లో మార్కులు బాగా పడిపోయాయి. మధ్యాహ్నం కునుకుకు ప్రతిసారీ పప్పన్నాన్నే తిట్టడం అన్యాయం కదా!

కరెంటు బిల్లు కాస్త పెరిగినా సరే, అప్పుడప్పుడూ ఎదురెదురు కిటికీలు కాసేపు తెరవండి.